సాగరహేల వారి గౌరవ ప్రతినిధి

అల్లిపురం, విశాఖపట్నం
జూన్ 14, 1981

ఒరే సుందరం,

ముందు తిట్టుకో, తరవాత చదువు. నీకు ఉత్తరం రాసి ఏడాది దాటిపోయింది. అనకాపల్లిలో మా ప్రోగ్రాం చూడ్డానికొచ్చి, అయ్యాక లారీ పట్టుకుని ఇంటికెళ్ళావు, అదే ఆఖరు. ఆ రోజు నేను డ్రమ్స్ వాయిస్తుంటే ముందు వరసలో లేచి నిలబడిపోయి వెనకవాళ్ళ చేత తిట్లు తిన్నావంట. మా గిటారు కుర్రాడు ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు.

నేను బాగానే ఉన్నాను. సాగరహేల ఆర్కెస్ట్రా కూడా బాగానే ఉంది. పార్టీ యాజులు గారిదని నీకు తెలుసు కదా, మగ గొంతు పాటలన్నీ ఆయనే పాడతారు. ఆయనకి ఒక కొత్త ఆలోచన వచ్చింది. ఊరూరా సాగరహేల అభిమాన సంఘం పెట్టించాలి, ప్రతి సంఘానికీ ఒక గౌరవ ప్రతినిధి ఉండాలి. పాటలంటే పడిచచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, వాళ్ళని మనం అడక్కపోవడమే తప్పు అంటారాయన. నర్సీపట్నానికి నీ పేరు నేనే ఇచ్చాను.

పని ఏటంటే, ముందు ఓ పదిమందిని పోగుచెయ్యాలి. మీ ఊళ్ళో నాగుల చవితి తీర్థానికి ఏటా ఏదో ఒక పార్టీని తెస్తారు కదా. ఈ యేడు సాగరహేల కావాలని కమిటీ వాళ్ళకి కార్డులు రాయించాలి. కుదిరితే గోడల మీద రాయించాలి. ప్రోగ్రాం రోజున కుర్చీలు, మంచినీళ్ళు చూసుకోవాలి. సంఘం వాళ్ళకి బ్యాడ్జీలిస్తాం, పార్టీ ఫొటో ఇస్తాం, ముందు వరసలో కూర్చోబెడతాం. బ్యాడ్జీ, ఫొటో విడిగా పొట్లం కట్టి పంపిస్తున్నాను.

ఇంకో సంగతి. మా చిన్నాన్న కొడుకు అప్పలకొండ మొన్న అనకాపల్లి బెల్లం మార్కెట్టు పని చూసుకుని ఇక్కడిదాకా వచ్చి అమ్మ మాట చెప్పాడు. ఈ యేడు చెరుకు నరుకుడు మొదలయ్యేలోగా నేను చేసేదేటో అమ్మ కళ్ళతో చూడాలంట. చూసి నచ్చితే సరే, లేదంటే గొలుగొండ వచ్చేసి పొలం చూసుకోవాలంట. నాన్న పోయాక మూడేళ్ళూ ఒక్కర్తే ఈదింది, ఆమెదీ తప్పని అనలేను. వైజాగు రమ్మంటే రాదు, బస్సు పడదు. నర్సీపట్నం అయితే బండి మీద వస్తుంది. అందుకే మన ఊళ్ళో ప్రోగ్రాం పడాలి. నీ చేతుల్లో ఉంది.

మీ అమ్మగారికి నా దండాలు.

నీ
మన్మథరావు


పెదబొడ్డేపల్లి, నర్సీపట్నం
జూలై 2, 1981

మన్మథరావుకి,

తిట్టుకున్నాను, చదివాను. పొట్లం కూడా అందింది.

మా పంచాయతీ సమితి ఆఫీసులో ఏ పదవికైనా ముందు గౌరవ అని తగిలిస్తే ఆ మనిషికి జీతం ఉండదు, కుర్చీ మాత్రం ఉంటుంది. నువ్విచ్చిన పదవికి ఆ కుర్చీ కూడా ఒక్క రాత్రికే. అయినా ఒప్పుకున్నాను. మా అమ్మకి నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "వాళ్ళు పాడుకోడానికి వీడు గోడలకి సున్నం కొట్టాలిట్రా?" అంది. మన్మథరావు కోసమమ్మా అన్నాను. "అలా అయితే కొట్టు" అంది. హైస్కూల్లో ఉండగా మా వంటింటి పీట మీద నువ్వు దరువు వేస్తే పీట కోడు ఊడింది, జ్ఞాపకముందా? ఆ పీట ఇంకా అలాగే ఉంది. ఎవరైనా దాని మీద కూర్చుంటే ఒక పక్కకి ఒరుగుతారు, అప్పుడు నీ ప్రస్తావన వస్తుంది.

సంఘంలో మొదటి సభ్యుడు లోవరాజు. బస్టాండు ఎదురుగా సైకిలు షాపు అతనిది. షాపులో రేడియో పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది, పంక్చరు వేయించుకోడానికి వచ్చినవాళ్ళు పాట అయ్యేదాకా కదలరు. అలా కదలని వాళ్ళందరినీ సభ్యులుగా రాసేశాం. లోవరాజు బ్యాడ్జీ పెట్టుకునే నిద్రపోతున్నాడని వాళ్ళావిడ ఫిర్యాదు.

మీ అమ్మ మొన్న సంతలో కనబడింది. దుంపలు బేరమాడుతూనే నాతో మాట్లాడింది. "మావోడు ఏటో వాయిత్తాడంట బాబూ. ఏటి వాయిత్తాడో నాకు తెల్దు, మా ఊల్లో ఎవులికీ తెల్దు. నా కల్లతో ఓపాలి సూడాల. సూసి బాగుందనిపిత్తే ఉండమంతాను. నేదంతే వొచ్చీమంతాను" అంది. గొంతులో కోపమేమీ లేదు. దుంపలు నచ్చలేదు, కొనకుండా వెళ్ళిపోయింది.

ఫొటోలో నిన్ను వెతుక్కోవలసి వచ్చింది. అందరి చేతుల్లోనూ ఏదో ఒక వాయిద్యం ఉంది. నువ్వు మాత్రం చివర గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డావు. డ్రమ్ముల వెనక ఎవరో నల్ల కళ్ళద్దాల కుర్రాడు కూర్చున్నాడు. ఏమిటిది?

సోమసుందరం


విశాఖపట్నం
ఆగస్టు 3, 1981

సుందరం,

సంఘం పెట్టినందుకు యాజులు గారు చాలా సంతోషించారు. మీ ఊరి పేరు గోడ మీద మ్యాపులో ఎర్ర సిరాతో చుట్టారు.

కార్డుల సంగతి జాగ్రత్తగా విను. అన్నీ ఒకే రోజు వెయ్యకు. ఒకే చేతిరాత ఉండకూడదు. ఒకరు పాత పాటలు బాగా పాడతారని రాయాలి, ఇంకొకరు మా పాటల అమ్మాయి గొంతు గురించి రాయాలి, మరొకరు కుటుంబంతో కూర్చుని చూడదగ్గ పార్టీ అని రాయాలి. ఆడవాళ్ళ చేత కూడా కొన్ని రాయించు, కమిటీ వాళ్ళు వాటికి విలువిస్తారు. పాయకరావుపేటలో మన సంఘం ఇలాగే చేసింది, నెల తిరక్కుండా ప్రోగ్రాం ఒప్పుకున్నారు. మీ కమిటీ ప్రెసిడెంటు పేరు, ఆయనకే పాటలిష్టమో కనుక్కుని నాకు రాయి. ఆయన ఇష్టపడే పాటతోనే మొదలుపెడతాం.

ఫొటో సంగతి అడిగావు. పొడుగువాళ్ళని నిలబడమన్నాడు, పొట్టివాళ్ళని కూర్చోమన్నాడు ఫొటోగ్రాఫరు. అంతే.

కోటవురట్లలో నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే అడ్రసులు పంపు. బేగి పంపు.

మన్మథరావు


నర్సీపట్నం
సెప్టెంబరు 9, 1981

మన్మథరావుకి,

నీ ఉత్తరం మా కలెక్టరు గారి సర్క్యులరులా ఉంది. అయినా అందులో చెప్పినట్టే చేశాం. ఏం జరిగిందో విను.

లోవరాజు షాపులో కూర్చుని కార్డులు రాశాం. చేతిరాత మార్చమన్నావని నేను ఎడమ చేత్తో కొన్ని రాశాను. లోవరాజు భార్య మీ పాటల అమ్మాయిని పొగుడుతూ ఒకటి రాసి, కింద మీ పార్టీలో ఆడవాళ్ళకి వేళకి అన్నం పెడతారా అని కూడా అడిగింది. మా అమ్మ చేత కూడా ఒకటి రాయిద్దామని చూశాను. "నేను వినని పాట బాగుందని ఎలా రాస్తాన్రా" అని మానేసింది. ఒకేరోజు వెయ్యద్దన్నావు కదా, రోజుకి కొన్ని చొప్పున వేశాం. అయితే పోస్టుమేను తీర్థం కమిటీ ప్రెసిడెంటు మత్స్యరాజు గారి వీధికి వారానికోసారే వెళతాడని మాకు తోచలేదు. అన్నీ కలిపి తాడు కట్టి ఒక్కసారే ఇచ్చాడు.

మత్స్యరాజు గారు ఆ కట్ట పట్టుకుని తిన్నగా సైకిలు షాపుకే వచ్చారు. "ఏమయ్యా, రోజూ నీ షాపు ముందునుంచే కదా వెళతాను. ఆపి ఒక్కమాట చెప్పలేకపోయావా?" అన్నారు. లోవరాజు నావేపు చూశాడు. నేను బ్యాడ్జీ వేపు చూసుకున్నాను. ఇంతకీ మీ పట్టుదల దేనికని అడిగారు. మా గొలుగొండ కుర్రాడు అందులో డ్రమ్స్ వాయిస్తాడండీ, అతని తల్లి ఇంతవరకూ చూడలేదండీ అని ఉన్నమాట చెప్పేశాను. ఆయన కార్డుల కట్ట ఓసారి తిరగేసి, "ఈ ముక్క ఒక కార్డు మీద రాస్తే సరిపోయేది" అన్నారు. ఒప్పుకున్నారు. నాగుల చవితి మర్నాడు రాత్రి, హైస్కూలు మైదానంలో.

ఆ మాటతో నాకు బుద్ధి వచ్చింది. ఇక్కడ సాగరహేల అంటే ఎవరికీ తెలియదు. యాజులు గారి గొంతు కోసం గొలుగొండ నుంచి ఎవరూ రారు. నీ కోసం వస్తారు. అందుకని గోడల మీద నీ పేరు రాయిస్తున్నాం. "డ్రమ్స్: మన గొలుగొండ మన్మథరావు" అని జానెడు ఎత్తు అక్షరాలు. కింద చిన్నగా సాగరహేల. గొలుగొండ రోడ్డులో కల్వర్టులన్నీ అయ్యాయి, ఇప్పుడు మిల్లు గోడ మీద నడుస్తోంది. లోవరాజు నీకు మీసాలు కూడా వేశాడు. నీకు మీసాల్లేవని చెప్పాను, డ్రమ్స్ వాయించేవాడికి ఉంటేనే బాగుంటుంది అన్నాడు.

సోమసుందరం


విశాఖపట్నం
అక్టోబరు 1, 1981

సుందరం,

ప్రోగ్రాం కుదిరినందుకు యాజులు గారు నా భుజం తట్టారు. చాలా థాంక్స్‌రా.

గోడల మీద నా పేరు వద్దు. దయచేసి చెరిపించు. పార్టీ పేరు పెద్దగా, యాజులు గారి పేరు దాని కింద, అంతవరకే ఉండాలి. వాయించేవాళ్ళ పేర్లు వేసే అలవాటు మా పార్టీలో లేదు, చూస్తే ఆయనేమనుకుంటారో. ఇది మొహమాటానికి అంటున్నది కాదు. నా మాట విను.

అమ్మతో కూడా మరీ ఎక్కువ చెప్పకు.

మన్మథరావు


నర్సీపట్నం
అక్టోబరు 12, 1981

మన్మథరావుకి,

నీ మాట వినడానికి వీల్లేకుండా పోయింది. లోవరాజు సున్నంలో జిగురు కలిపాడు. నిన్న రాత్రి కుండపోత వాన పడినా ఒక్క అక్షరం కరగలేదు.

నీ మొహమాటం నాకు తెలియనిదా? హైస్కూల్లో వార్షికోత్సవానికి నీ పేరు పిలిస్తే బెంచీ కింద దూరావు. మీసాలు మాత్రం చెరిపించాను.

ఇంకో సంగతి, ఇది నీకు చెప్పకూడదేమో కూడా. మీ అమ్మ మిల్లు గోడ దగ్గరికి వచ్చింది. చదువు రాదు కదా, లోవరాజుని చదవమంది. ఏ అక్షరం దగ్గర నీ పేరు మొదలవుతుందో, ఏ అక్షరం దగ్గర అయిపోతుందో చూపించమంది. ఆ రెంటి మధ్యా అటూ ఇటూ ఓసారి నడిచి వెళ్ళిపోయింది. ఊళ్ళో రెండు ట్రాక్టర్లు మాట్లాడారట. గొలుగొండ గొలుగొండంతా వస్తోంది.

నువ్వు బాగా వాయించు. మిగతాది మేము చూసుకుంటాం.

సోమసుందరం


నర్సీపట్నం
నవంబరు 5, 1981

మన్మథరావుకి,

ప్రోగ్రాం అవగానే మీ వ్యాను వెళ్ళిపోయింది. మనం మాట్లాడుకోలేదు. నువ్వు స్టేజి మీద ఉన్నావు కాబట్టి కింద ఏం జరిగిందో నీకు తెలియదు. అది తెలియాలని రాస్తున్నాను.

మీ అమ్మని ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చోబెట్టాను. గౌరవ ప్రతినిధి కుర్చీ అది, నేను నిలబడ్డాను. ఇటుపక్క అప్పలకొండ, అటుపక్క మీ పాలేరు సోములు, వెనక మీ ఊరు. మైదానం పట్టక జనం గోడలెక్కారు. తెర లేచింది. డ్రమ్ముల వెనక ఫొటోలో ఉన్న నల్ల కళ్ళద్దాల కుర్రాడే కూర్చున్నాడు.

మొదటి పాట అయ్యేసరికి గొలుగొండవాళ్ళు మన్మథరావేడి అని మొదలెట్టారు. ఇంటర్వెలు తరవాత వస్తాడు, ముఖ్యమైనవాళ్ళు ముందే రారు అని లోవరాజు సర్దాడు. పాపం, నమ్మే అన్నాడు. నేను వెనక్కి వెళ్ళి చూశాను. జనరేటరు పక్కన బల్ల వేసుకుని నువ్వు కోటవురట్ల కుర్రాళ్ళకి బ్యాడ్జీలు పంచుతున్నావు. నన్ను చూశావు. తల దించుకుని మరో బ్యాడ్జీ తీశావు. నేను వెనక్కి వచ్చేశాను.

ఇంటర్వెలు తరవాత కేకలు మరీ ఎక్కువయ్యాయి. అప్పుడు యాజులు గారు మైకు ముందుకి వచ్చి, ఈ సభకి ఇంతమంది వచ్చారంటే అది మా మన్మథరావు గారి చలవ అని చెప్పి, నిన్ను పిలిచి శాలువా కప్పి, దండ వేసి, స్టేజి మీద ఒక పక్క కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మీవాళ్ళు ఈలలు వేశారు. నువ్వు దండం పెట్టి కూర్చున్నావు. ఆఖరి పాట దాకా అలాగే ఉన్నావు. నాకు నీ పాదాలు కనిపిస్తున్నాయి. ఎడం పాదం ఆడుతోంది, ఆ కుర్రాడి దెబ్బకంటే రవ్వంత ముందు.

నేను మీ అమ్మ మొహం చూడ్డానికి భయపడ్డాను. ఆవిడే నా చెయ్యి పట్టుకుని వంచి చెవిలో అడిగింది. "ఆ వాయిత్తన్నోల్లు, పాడతన్నోల్లు, ఈల్లందరూ మావోడి కిందేనా బాబూ?"

నేను స్టేజి వేపు తిరిగాను.

"అందరూ సెమట్లు కారబోత్తన్నారు. మావోడొక్కడే దండేసుకుని కుర్సీలో కూకున్నాడు. నాను ఈడు కూడా ఆల్లలాగ కొడతాడేటో అనుకుని ఇన్నాల్లూ బాదపడ్డాను" అంది.

అవునమ్మా, అందరూ అతని కిందే అన్నాను. తిరిగి వెళుతూ అప్పలకొండతో చెరుకు నరికించే పని అతన్నే చూసుకోమంది. నిన్ను ఇంటికి రమ్మనదు. ఆ రోజు నువ్వు వాయించి ఉంటే ఏమనేదో నాకు తెలియదు.

ఇప్పుడు నువ్వు చెప్పు.

సోమసుందరం


విశాఖపట్నం
నవంబరు 20, 1981

సుందరం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మ అన్న మాట దగ్గర మొదటిసారి నవ్వొచ్చింది, మిగతా రెండుసార్లూ రాలేదు.

చెబుతాను. ఈ మార్చిలో ఆ కళ్ళద్దాల కుర్రాడు ఖరగ్‌పూర్ నుంచి సొంత డ్రమ్ సెట్టుతో వచ్చాడు. బాగా వాయిస్తాడు. నాకన్నా బాగానా అంటే కొన్ని పాటలకి అవును, కొన్నింటికి కాదు. యాజులు గారు నన్ను పిలిచి, కొన్నాళ్ళు నువ్వు అభిమానుల ఉత్తరాలు చూడవోయ్, నీ రాత ముత్యాల్లా ఉంటుంది అన్నారు. కొన్నాళ్ళే కదా అనుకున్నాను. పార్టీలో ఉండాలంటే పార్టీ ఆఫీసులోనైనా ఉండాలి కదా. రెండు పూటలా భోజనం, పడుకోడానికి వరండా. నా దగ్గరున్నదీ మీ బ్యాడ్జీయే సుందరం. అందరికన్నా ముందు తగిలించుకున్నవాణ్ణి నేను.

నీకు మొదటి ఉత్తరం రాసే ముందు యాజులు గారు నాకొక మాటిచ్చారు. నర్సీపట్నంలో మైదానం నిండితే ఆ రాత్రి మూడు పాటలకి నన్ను కూర్చోబెడతానన్నారు. మా ఊరి పక్కదే కాబట్టి నేనే అడిగాను. అందుకే నిన్ను అంతలా తొందరపెట్టాను. ఫొటో గురించి అబద్ధం రాశాను. పేరు వద్దన్నది కూడా మైదానం నిండకపోతే అమ్మ ముందు నా గతి ఏటి అని.

నిండింది. నువ్వు నింపావు. తెర లేచే ముందు యాజులు గారు సందులోంచి జనాన్ని చూశారు. చాలాసేపు చూశారు. నేను చొక్కా చేతులు మడుచుకుని, పుల్లలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఆయన తిరిగి నా భుజం మీద చెయ్యి వేశారు. "ఒరే, ఇంత జనాన్ని తెచ్చేవాణ్ణి తీసుకెళ్ళి డ్రమ్ముల వెనక కూచోబెడితే నా అంత వెర్రివాడుండడు. కొట్టేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. నువ్వు దొరకవు" అన్నారు. మెచ్చుకునే అన్నారు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి ఆయనకి. పుల్లలు ఆయనే తీసుకుని ఆ కుర్రాడికి ఇచ్చారు.

శాలువా మా పాటల అమ్మాయిది. అప్పటికప్పుడు అడిగి తీసుకున్నారు. దార్లో చలేస్తోందని వ్యానులోనే తిరిగి అడిగింది, ఇచ్చేశాను.

అమ్మతో నువ్వన్నది మంచిపనే. నాకు పార్టీలో ఇప్పుడు ప్రచార కార్యదర్శి అని పేరు పెట్టారు. జీతం సంగతి చూద్దామంటున్నారు.

యాజులు గారి కన్ను ఇప్పుడు చోడవరం మీద ఉంది. మీ ఆఫీసు పని మీద అక్కడికి వెళుతుంటావు కదా, పాటలంటే ఇష్టం ఉన్నవాళ్ళెవరైనా తెలిస్తే అడ్రసులు పంపు.

మన్మథరావు


నర్సీపట్నం
జనవరి 27, 1982

మన్మథరావుకి,

వెంటనే జవాబు రాయలేదు. రాస్తే ఏం రాసేవాణ్ణో నాకు తెలుసు, అందుకని ఆగాను.

నాకు నీ మీద కోపం వచ్చింది. వాయించనివ్వలేదని కాదు. చెప్పలేదని. ముందే చెబితే కూడా నేను ఇవే గోడలు రాయించేవాణ్ణి. సైకిలు షాపులో ఇవే కార్డులు రాసేవాణ్ణి. కాకపోతే యాజులు గారు తెర సందులోంచి చూస్తున్నప్పుడు నేను కూడా అక్కడ నిలబడేవాణ్ణి. మత్స్యరాజు గారిని కూడా పక్కన నిలబెట్టేవాణ్ణి. మన్మథరావు కూర్చుంటేనే తెర లేస్తుందని ఇద్దరం చెప్పేవాళ్ళం. మా మాట ఆయన వినితీరేవాడు, ఆ రోజు ఊరు మాది. మేము చేసిన పనికి మాకు ఉన్నది ఆ ఒక్క బలమే. అదెక్కడ వాడాలో మాకు చెప్పకుండా దాచావు.

సంఘం నడుస్తూనే ఉంది. లోవరాజు మానలేదు. అతనికి ఏమీ చెప్పలేదు. నీ మీద ఈగ వాలనివ్వడు, మన్మథరావు గారు పెద్ద పోస్టులోకి వెళ్ళారని పంక్చరు వేస్తూ అందరికీ చెబుతాడు. నా బ్యాడ్జీ నేను తీసేశాను. మా అమ్మ ఎందుకని అడిగింది. చెప్పాను. "పీట విరగ్గొట్టిన పిల్లాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారా" అంది, అంతే, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చోడవరంలో నాకు తెలిసినవాళ్ళున్నారు. పాటలంటే ప్రాణమిచ్చేవాళ్ళు. వాళ్ళ అడ్రసులు పంపను.

మీ అమ్మ మొన్న ఆఫీసుకి వచ్చింది, పొలం శిస్తు గొడవేదో ఉంటే కనుక్కోడానికి. మా హెడ్ గుమస్తాతో, మావోడి కింద పదిమంది పని సేత్తారండీ అని చెప్పింది. ఆయన లేచి కుర్చీ వేశాడు. నేను కాగితాల్లో తల దూర్చుకున్నాను.

ఒక్క ముక్క రాయి. డ్రమ్ములు అక్కర్లేదు, పీటైనా సరే. ఆఖరుసారి ఎప్పుడు వాయించావు?

సోమసుందరం


విశాఖపట్నం
మార్చి 8, 1982

సుందరం,

కిందటి వారం గొలుగొండ వెళ్ళాను. నర్సీపట్నంలో బస్సు మారాను కానీ మీ ఇంటికి రాలేదు. సైకిలు షాపు ముందు తల వంచుకుని నడిచాను. అయినా లోవరాజు చూశాడు, బ్యాడ్జీ సర్దుకుని దండం పెట్టాడు.

ఇంటి దగ్గర బెల్లం వండుతున్నారు. గానుగ కాడ పెనం పొయ్యి మీద ఉంది, పాకం ఇంకా రాలేదు. పనివాళ్ళు బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. పక్కన బెల్లం పోసే ఖాళీ రేకు డబ్బాలున్నాయి. నీ ఉత్తరం జేబులో ఉంది. ఆఖరుసారి ఎప్పుడని అడిగావు కదా, ఎప్పుడో నాకే గుర్తు రాలేదు. ఎండు చెరుకు ముక్కలు రెండు తీసుకుని డబ్బా బోర్లించి మొదలెట్టాను.

మొదట చేతులు తిరగలేదు. కాసేపటికి తిరిగాయి. సుందరం, అనకాపల్లిలో కూడా అంత బాగా వాయించలేదురా. పనివాళ్ళు బీడీలు పారేసి దగ్గరకొచ్చారు. సోములు లేచి గెంతడం మొదలెట్టాడు. పెనంలో రసం కలిపేవాడు కలపడం మర్చిపోతే ఎవరో కేకేశారు. నేను ఆపలేదు. అలా ఎంతసేపయిందో తెలీదు, తలెత్తి చూస్తే గానుగ పాక గుంజ పట్టుకుని అమ్మ నిలబడి ఉంది.

వింటోంది అనుకున్నాను. ఇన్నాళ్ళకి వింటోంది, ఇదే నేను చేసేది అని ఇప్పుడు చూస్తోంది అనుకుని, నాకు తెలిసిందంతా ఆ డబ్బా మీద పెట్టాను.

అమ్మ నెమ్మదిగా దగ్గరికొచ్చింది. పక్కన కూర్చుని నా చేతులు రెండూ పట్టుకుని ఆపింది. అరచేతులు తిప్పి చూసింది. చెరుకు ముక్కలు గీరుకుని ఎర్రబడ్డాయి. కొంగుతో తుడిచింది.

"నీకేటి కరమ బాబూ ఇలాగ కొట్టుకోడానికి. కొట్టీవోల్లని పెట్టుకున్నావు కదా" అంది.

నా చేతుల్లోంచి ముక్కలు తీసి సోములుకి ఇచ్చింది. "ఒరే, నువ్వు కొట్రా. బాబు కూకుని ఇంతాడు."

సోములుకి తాళం రాదు. అమ్మ చెప్పింది కాబట్టి పాకం వచ్చేదాకా కొట్టాడు. నేను కూర్చుని విన్నాను.

మన్మథరావు